ఏ సోలార్ ప్యానెల్ కొనాలి: పాలీ, పెర్క్, టాప్‌కాన్, హెచ్‌జేటీల మధ్య ఎంపిక

మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించుకుందామని నలుగురిని అడిగితే నాలుగు కొటేషన్లు వస్తాయి. ఒకదానిలో మోనో పెర్క్ అని, ఇంకొకదానిలో ఎన్ టైప్ టాప్‌కాన్ అని, మరొకదానిలో బైఫేషియల్ డీసీఆర్ అని ఉంటుంది. నాలుగో వారు పాత స్టాకులో మిగిలిన పాలీ ప్యానెళ్లు చవకగా ఇస్తామంటారు. వాట్‌కు రెండు రూపాయలు ఎక్కువ అడిగే మనిషి ఆ రెండు రూపాయలకు ఏమొస్తుందో మాత్రం చెప్పడు, "ఇది లేటెస్టు సార్" అని ఊరుకుంటాడు. నిజానికి ఈ పేర్లలో ఏదీ అలంకారానికి పెట్టింది కాదు. బైఫేషియల్, డీసీఆర్‌ల సంగతి తరువాత చూద్దాం, మిగతావాటి సంగతి ఇది: ఎండ తగిలి విడివడిన ఎలక్ట్రాన్ తీగలోకి చేరేలోపు ఎక్కడెక్కడ పోతుందో, ఆ చిల్లును ఏ తయారీ పద్ధతి ఎలా పూడ్చిందో చెప్పే పేర్లివి. సెల్ (ప్యానెల్‌లో పేర్చి కలిపిన ఒక్కో చిన్న సిలికాన్ పలక) లోపల జరిగే పని కొంత తెలిసి, మన డాబా మీద ఏ నష్టం ఎక్కువో చూసుకోగలిగితే, ఏ పేరుకు ఎంత డబ్బు పెట్టవచ్చో ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

సెల్ లోపల

సిలికాన్ పరమాణువుకు బయటి కక్ష్యలో నాలుగు ఎలక్ట్రాన్లుంటాయి. చుట్టూ ఉన్న నాలుగు పరమాణువులతో వాటిని పంచుకుని అది బంధాలలో కుదురుకుంటుంది. చీకట్లో ఆ ఎలక్ట్రాన్లు దాదాపుగా కదలవు కాబట్టి శుద్ధమైన సిలికాన్ రాగిలాగా కరెంటును పారనివ్వదు, అలాగని గాజులాగా పూర్తిగా ఆపదు కూడా. అందుకే దానికి అర్ధవాహకమని పేరు. బంధంలో ఉన్న ఎలక్ట్రాన్‌ను విడిపించి స్వేచ్ఛగా తిరగనివ్వాలంటే 1.12 ఎలక్ట్రాన్ వోల్టుల (ఇంత చిన్న శక్తులను కొలిచే ప్రమాణం) శక్తి కావాలి. దీన్ని శక్తి అంతరం అంటారు. ఎండలో వచ్చే ఒక్కొక్క ఫోటాన్, అంటే కాంతి రేణువు, ఒక్కొక్క ఎలక్ట్రాన్‌ను తడుతుంది. తగినంత శక్తి ఉన్నది విడిపిస్తుంది, లేనిది ఏ పనీ చేయకుండా సిలికాన్‌ను దాటిపోతుంది.

ప్యానెల్ మీద పడిన ఎండ అంతా కరెంటు ఎందుకు కాదన్న ప్రశ్నకు జవాబు చాలా వరకు ఇక్కడే ఉంది. తరంగదైర్ఘ్యం సుమారు 1,100 నానోమీటర్లకు మించిన పరారుణ కాంతి ఆ అంతరాన్ని దాటించలేదు, దానితోనే ఎండలోని శక్తిలో దాదాపు అయిదో వంతు పోతుంది. కంటికి కనిపించే కాంతిలో ఒక్కో ఫోటాన్‌కు సుమారు 1.8 నుంచి 3.1 ఎలక్ట్రాన్ వోల్టుల వరకు శక్తి ఉంటుంది, కానీ ఎలక్ట్రాన్‌ను విడిపించడానికి అక్కరకొచ్చేది 1.12 మాత్రమే. మిగిలినది వేడిగా మారి ప్యానెల్‌నే కాలుస్తుంది, ఆ లెక్కలో ఇంకో మూడో వంతు పోతుంది. ఒకే అర్ధవాహకంతో చేసిన సెల్ ఎంత గొప్పదైనా మూడింట ఒక వంతుకు మించి ఎండను కరెంటుగా మార్చలేదని షాక్లీ, క్వైసర్ అనే శాస్త్రవేత్తలు 1961లోనే లెక్క కట్టారు. సిలికాన్‌కు ఆచరణలో ఆ హద్దు 29 శాతం పైచిలుకు. కాబట్టి ఎవరైనా నలభై శాతం సామర్థ్యమున్న సిలికాన్ ప్యానెల్ అమ్ముతామంటే ఆ కొటేషన్‌ను అక్కడికక్కడే పక్కన పెట్టవచ్చు.

విడిపోయిన ఎలక్ట్రాన్ వెనుక ఒక ఖాళీ మిగులుతుంది. పక్క బంధంలోని ఎలక్ట్రాన్ వచ్చి ఆ ఖాళీలో కూర్చుంటే ఖాళీ పక్కకు జరుగుతుంది, అలా అది ధనావేశంలా కదులుతుంది. భౌతికశాస్త్ర పుస్తకాలు దీన్ని రంధ్రం అంటాయి. ఈ రెండింటినీ విడదీసి చెరో దిక్కుకు పంపేవారు లేకపోతే అవి మళ్లీ కలిసిపోతాయి, మనకు చేతికొచ్చేది వేడి మాత్రమే. విడదీసే పని పీ, ఎన్ పొరల సంధి చేస్తుంది. అయిదు బయటి ఎలక్ట్రాన్లున్న ఫాస్ఫరస్‌ను కొద్దిగా కలిపితే సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు ఎక్కువై ఎన్ టైప్ అవుతుంది. మూడే ఉన్న బోరాన్‌ను కలిపితే రంధ్రాలు ఎక్కువై పీ టైప్ అవుతుంది. రెండూ ఆనుకున్న చోట ఇటు ఎలక్ట్రాన్లు అటు, అటు రంధ్రాలు ఇటు కొద్దిగా జారుకోగానే అక్కడొక విద్యుత్ క్షేత్రం దానంతటదే నిలబడుతుంది. ఆ తరువాత ఎండ పుట్టించిన ప్రతి ఎలక్ట్రాన్‌నూ ఆ క్షేత్రం ఎన్ వైపుకు, ప్రతి రంధ్రాన్నీ పీ వైపుకు తోస్తుంది. బయట తీగ కలిపితే ఎలక్ట్రాన్లు ఆ తీగ గుండా చుట్టూ తిరిగి రంధ్రాలను చేరుకుంటాయి, దారిలో మన ఫ్యాను తిప్పుతాయి. ఒక్కో సెల్ ఇచ్చే వోల్టేజి 0.6 నుంచి 0.7 వరకే. ఈనాటి పెద్ద ప్యానెళ్లలో రెండుగా కోసిన 144 సగం సెల్స్ ఉంటాయి. 72 వరుసగా ఒక జట్టు, ఇంకో 72 దానికి సమాంతరంగా మరో జట్టు, అందుకే ప్యానెల్ వెనుక లేబుల్ మీద ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి (బయట ఏమీ కలపనప్పుడు ఉండే వోల్టేజి) 50 దరిదాపుల్లో కనిపిస్తుంది.

కాంతి తగిలితే కరెంటు పుడుతుందని ఫ్రెంచి శాస్త్రవేత్త బెకరెల్ 1839లో గమనించాడు. పనికొచ్చే సిలికాన్ సెల్ రావడానికి 1954 దాకా ఆగవలసి వచ్చింది, అమెరికాలోని బెల్ ప్రయోగశాల చేసిన ఆ సెల్ సామర్థ్యం ఆరు శాతం. ఆరు నుంచి ఇవాళ డాబాల మీదున్న 22 దాకా వచ్చిన దారి అంతా చిల్లులు పూడ్చిన కథే.

పాలీ, మోనో

మొదటి చిల్లు సిలికాన్ ముద్దలోనే ఉంది. కరిగిన సిలికాన్‌ను అచ్చులో పోసి చల్లారనిస్తే చిన్నచిన్న స్ఫటికాలు ఎక్కడికక్కడ గడ్డకడతాయి. వాటిని పలుచని రేకులుగా కోస్తే పాలీ సెల్ అవుతుంది. నీలం రంగు మీద పగుళ్లలాంటి మెరుపు కనిపించేది అందుకే. రెండు స్ఫటికాలు కలిసే సరిహద్దులో పరమాణువుల బంధాలు సరిగా అతుక్కోవు. ఆ తెగిన కొనల దగ్గర ఎలక్ట్రాన్ చిక్కుకుని రంధ్రంతో కలిసిపోతుంది. మోనో సెల్‌కు మాత్రం 1,414 డిగ్రీల దగ్గర కరిగిన సిలికాన్‌లో చిన్న స్ఫటికాన్ని ముంచి, తిప్పుతూ నెమ్మదిగా పైకి లాగి, ఒకే స్ఫటికంగా పొడవాటి దుంగను పెంచుతారు. దుంగ గుండ్రంగా ఉంటుంది కాబట్టి దాని నుంచి కోసిన సెల్స్‌కు మూలలు కాస్త తెగి ఉంటాయి. డాబా మీద నిలబడి దూరం నుంచి చూసినా తేడా తెలుస్తుంది: పాలీ నీలంగా, సెల్ మూలలు నిండుగా ఉంటుంది, మోనో నల్లగా, సెల్స్ కలిసే చోట తెల్లటి చిన్న డైమండ్ గుర్తుతో ఉంటుంది. ఈమధ్య వస్తున్న పెద్ద సెల్స్‌లో ఆ తెగిన మూల చాలా చిన్నది కాబట్టి కాస్త దగ్గరికి వెళ్లి చూడాలి.

పాత 335 వాట్ల పాలీ ప్యానెల్ దాదాపు 1.94 చదరపు మీటర్లు, అంటే సామర్థ్యం 17 శాతం పైన. ఇప్పటి 550 వాట్ల మోనో పెర్క్ ప్యానెల్ 2,278 మిల్లీమీటర్ల పొడవు, 1,134 వెడల్పు. దాన్ని లెక్క కడితే 21 శాతం పైన వస్తుంది. చూడటానికి పెద్ద తేడాలాగే ఉంది. కానీ మూడు కిలోవాట్లకు పాలీ తొమ్మిది ప్యానెళ్లు పెడితే 17.5 చదరపు మీటర్లు, పెర్క్ ఆరు పెడితే 15.5 చదరపు మీటర్లు పడుతుంది. మిగిలేది రెండు చదరపు మీటర్లు, ఒక నులక మంచం వేసుకునే చోటు. డాబా అంతా ఖాళీగా ఉన్న పల్లెటూరి ఇంటికి ఆ మంచం చోటు కోసం డబ్బు పెట్టనక్కరలేదు. అయినా నేను పాలీ కొనమనను, దానికి కారణాలు వేరే ఉన్నాయి. పాలీ సెల్స్ తయారీ దాదాపుగా ఆగిపోయింది, ఇప్పుడు దొరికేవి గోడౌన్లలో మిగిలినవి. పదేళ్ల తరువాత ఒకటి పగిలితే దానికి జతపడే ప్యానెల్ దొరకదు. పైగా ఫ్రేములు, బిగించే కూలి, తీగలు ప్యానెళ్ల సంఖ్యను బట్టి పెరుగుతాయి కాబట్టి, వాట్ ధరలో కనిపించిన లాభం తొమ్మిది ప్యానెళ్లు నిలబెట్టేసరికి సగం కరిగిపోతుంది.

పెర్క్ పూడ్చిన చిల్లు

రెండో చిల్లు సెల్ వెనుక ఉంది. పాత సెల్స్‌లో వెనుక భాగమంతా అల్యూమినియం పూత పూసేవారు. లోహం నేరుగా తాకిన చోట ఎలక్ట్రాన్, రంధ్రం కలిసిపోవడం చాలా ఎక్కువ, కాబట్టి సిలికాన్ లోతుల్లో పుట్టిన ఎలక్ట్రాన్లలో చాలా భాగం వెనుకవైపు తగిలి పోయేవి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ గ్రీన్ బృందం 1989లో చూపించిన పద్ధతి ఆ లోహాన్ని సిలికాన్‌కు దూరం చేసింది. మధ్యలో అల్యూమినియం ఆక్సైడ్, సిలికాన్ నైట్రైడ్ పలుచని పొరలుగా వేసి, లేజర్‌తో చేసిన సన్నని గీతల దగ్గర మాత్రమే లోహం తాకేలా చేస్తారు. ఆ పొరలు ఇంకో మేలు కూడా చేస్తాయి: ఒకసారి సిలికాన్‌ను దాటిపోయిన ఎర్రటి కాంతిని వెనక్కి తిప్పి ఇంకో అవకాశం ఇస్తాయి. ఇదే పెర్క్.

పెర్క్ సెల్ సాధారణంగా పీ టైప్ సిలికాన్‌తో చేస్తారు, దాని బలహీనత కూడా అక్కడిదే. పీ టైప్ కోసం కలిపిన బోరాన్, సిలికాన్‌లో చిక్కుకున్న ఆక్సిజన్‌తో కలిసి ఎండ తగిలిన మొదటి రోజుల్లోనే కొత్త చిల్లులు చేస్తుంది. వారంటీ కాగితం మీద మొదటి సంవత్సరం రెండు శాతం తగ్గుతుందని రాసేది ఇందుకే. బోరాన్ బదులు గాలియం కలిపిన రేకుల్లో ఈ ఇబ్బంది చాలా వరకు తగ్గింది, కాబట్టి పెర్క్ కొనేవారు "గాలియం డోపింగా?" అని అడగడం తప్పు కాదు. జవాబు రాకపోవచ్చు, అడిగినవారికి కొంత తెలుసన్న సంగతి మాత్రం అవతలివారికి అర్థమవుతుంది.

టాప్‌కాన్, హెచ్‌జేటీ

పెర్క్‌లో లోహం తాకే గీతలు ఇంకా మిగిలే ఉన్నాయి. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ 2013లో ప్రకటించిన టాప్‌కాన్ వాటిని కూడా మూసింది. వెనుకవైపు ఒకటి రెండు నానోమీటర్ల మందంతో సిలికాన్ ఆక్సైడ్ పొర, దాని మీద ఫాస్ఫరస్ కలిపిన సిలికాన్ పొర వేస్తారు. ఆక్సైడ్ బంధకమే అయినా అంత పలుచగా ఉంటే ఎలక్ట్రాన్ క్వాంటమ్ టనెలింగ్ ద్వారా, అంటే అడ్డుగోడ ఎక్కకుండానే, దాటిపోతుంది, రంధ్రం మాత్రం ఆగిపోతుంది. గుడి ముందు వాకిట్లో పిల్లలను పోనిచ్చి పశువులను ఆపే తిరుగుడు గేటు ఉంటుందే, అలాంటిది. ఇది ఎన్ టైప్ రేకు మీద చేస్తారు కాబట్టి బోరాన్, ఆక్సిజన్‌ల గొడవ దాదాపు లేదు. అందుకే మొదటి సంవత్సరం తరుగుదల ఒక శాతమని, ఆ తరువాత ఏడాదికి 0.4 శాతమని వారంటీ ఇస్తున్నారు. పెర్క్‌కు ఆ తరువాతి అంకె సాధారణంగా 0.55. అదే కొలతల ప్యానెల్‌లో 580 వాట్లు వస్తాయి, అంటే 22.4 శాతం.

హెచ్‌జేటీ వేరే దారి పట్టింది. స్ఫటిక సిలికాన్ రేకుకు రెండు వైపులా స్ఫటికం కాని సిలికాన్‌ను పలుచగా పూసి, ఉపరితలం మీద తెగిన బంధాలన్నిటినీ కప్పేస్తారు. జపాన్‌కు చెందిన సాన్యో 1997లోనే ఇలాంటి ప్యానెళ్లను బజారులోకి తెచ్చింది. వేడిని తట్టుకోవడంలోనూ, వెనుకవైపు పడిన కాంతిని వాడుకోవడంలోనూ ఇదే అన్నిటికన్నా మెరుగు. తయారీకి వేరే యంత్రాలు, ఎక్కువ వెండి కావాలి, అందువల్ల ధర ఎక్కువ. మన దగ్గర మూడు కిలోవాట్ల ఇంటికి హెచ్‌జేటీ ఇవ్వగలిగినవారు కొద్దిమందే.

సిలికాన్ కాని వాటిలో కాడ్మియం టెల్యురైడ్ ఒక్కటే పెద్ద ఎత్తున నిలబడింది. కాంతిని పీల్చుకోవడంలో సిలికాన్ కాస్త మొండిది, దానికి 150 మైక్రాన్ల వరకు మందం కావాలి; కాడ్మియం టెల్యురైడ్‌కు రెండు మూడు మైక్రాన్లు చాలు, దాన్ని నేరుగా గాజు మీద పూస్తారు. ఫస్ట్ సోలార్ కంపెనీ వాటిని తమిళనాడులో కూడా తయారుచేస్తోంది. అవి మెగావాట్ల లెక్కన కొనే సోలార్ పార్కులకు వెళ్లే సరుకు, ఇంటి యజమాని వాటి గురించి ఆలోచించనక్కరలేదు.

ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ కాదు

రెంటచింతలలోనో రామగుండంలోనో ఉన్నవారు మే నెలలో మీటరు చూసి ఆశ్చర్యపోతారు. ఎండ మండిపోతుంటే ప్యానెల్ దాని మీద రాసిన వాట్లకు దరిదాపుల్లో కూడా ఉండదు, ఫిబ్రవరిలో ఒక మబ్బులేని మధ్యాహ్నం అంతకన్నా ఎక్కువ ఇస్తుంది. లేబుల్ మీద ఉన్న వాట్లు చదరపు మీటరుకు 1,000 వాట్ల కాంతి, సెల్ వేడిమి 25 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచినవి. మన దగ్గర గాలి వేడిమి 40 డిగ్రీలున్న రోజున సెల్ 65 దాటుతుంది. మా డాబా మీద ఒక మే మధ్యాహ్నం ప్యానెల్ వెనుక చెయ్యి పెట్టబోయి, పెనం అంచు తగిలినట్టయి వెనక్కి తీసుకున్నాను.

వేడెక్కితే సిలికాన్ శక్తి అంతరం కొద్దిగా తగ్గుతుంది, కాంతి లేకుండానే వేడికి విడిపోయే ఎలక్ట్రాన్లు పెరుగుతాయి, వాటితో పాటు తిరిగి కలిసిపోవడమూ పెరుగుతుంది. ఫలితంగా వోల్టేజి పడిపోతుంది. ఎంత పడుతుందన్నది ప్యానెల్ డేటాషీట్‌లో పీమ్యాక్స్ టెంపరేచర్ కోయెఫిషియెంట్ అన్న వరుసలో ఉంటుంది. పాలీకి అది డిగ్రీకి దాదాపు 0.40 శాతం, పెర్క్‌కు 0.35, టాప్‌కాన్‌కు 0.30, హెచ్‌జేటీకి 0.25. సెల్ 65 డిగ్రీలుంటే 25 కన్నా 40 ఎక్కువ, కాబట్టి పాలీ ఆ క్షణంలో 16 శాతం, పెర్క్ 14, టాప్‌కాన్ 12, హెచ్‌జేటీ 10 శాతం పోగొట్టుకుంటాయి. ఇది నడిమధ్యాహ్నం లెక్క. ఉదయం, సాయంత్రం, చలికాలం అన్నీ కలిపితే పెర్క్‌కూ టాప్‌కాన్‌కూ మధ్య తేడా ఏడాదికి ఒక శాతం పైచిలుకు తేలుతుంది. "మన ఎండలకు టాప్‌కాన్ తప్ప పనికిరాదు" అని ఎవరైనా భయపెడితే ఆ ఒక్క శాతాన్ని గుర్తుపెట్టుకోవాలి.

వేడి తగ్గించడానికి ఇంతకన్నా చవకైన మార్గం ఉంది. ప్యానెల్‌ను స్లాబుకో రేకులకో అంటించినట్టు బిగించకుండా, కింద గాలి ఆడేలా ఎత్తుగా పెట్టించడం. రేకుల ఇంటి మీద రెండు అంగుళాల ఎత్తులో బిగించిన టాప్‌కాన్ కన్నా, డాబా మీద ఆరడుగుల స్ట్రక్చర్ మీదున్న పెర్క్ చల్లగా ఉంటుంది. కింద బట్టలు ఆరేసుకునే చోటు కూడా మిగులుతుంది.

రెండు రూపాయల లెక్క

మూడు కిలోవాట్ల ప్లాంటు తెలుగు రాష్ట్రాల్లో రోజుకు సగటున 12 యూనిట్ల దాకా, దుమ్ము, తీగల నష్టం, మబ్బు రోజులు పోను ఏడాదికి సుమారు 4,200 యూనిట్లు ఇస్తుందనుకుందాం. టాప్‌కాన్‌కు వాట్‌కు రెండు రూపాయలు ఎక్కువైతే అదనపు ఖర్చు 6,000. వేడిలో ఒక శాతం, మొదటి సంవత్సరం తరుగుదలలో ఒక శాతం, ఆ తరువాత ఏటా 0.15 శాతం చొప్పున కూడే తేడా, ఇవన్నీ పాతికేళ్లకు సగటు వేస్తే టాప్‌కాన్ నాలుగు శాతం ఎక్కువ ఇస్తుంది, అంటే ఏడాదికి 168 యూనిట్లు. యూనిట్‌కు ఆరు రూపాయలు మిగిలే ఇంటికి వెయ్యి రూపాయలు, ఆరేళ్లలో పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. కింది స్లాబులో ఉండి యూనిట్‌కు రెండున్నర రూపాయలే కట్టే ఇంటికి అదే డబ్బు రావడానికి పద్నాలుగేళ్లు పడుతుంది. ఏసీలు రెండు నడిచే ఇల్లయితే టాప్‌కాన్ తీసుకోండి. నెలకు నూటయాభై యూనిట్లు దాటని ఇల్లయితే మంచి పెర్క్ చాలు, ఆ ఆరు వేలు స్ట్రక్చర్‌కు మందమైన గాల్వనైజ్డ్ ఇనుము వేయించడానికి పెట్టండి. తేడా వాట్‌కు రూపాయి లోపలయితే ఆలోచించనక్కరలేదు, టాప్‌కానే.

ఇక్కడ సబ్సిడీ ఒక మెలిక పెడుతుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 చొప్పున, మూడో కిలోవాట్‌కు 18,000, మొత్తం 78,000 రూపాయలు కేంద్రం ఇస్తుంది. మూడు దాటితే ఇంకేమీ పెరగదు. దానికి షరతు డీసీఆర్, అంటే ప్యానెల్ మాత్రమే కాక అందులోని సెల్ కూడా మన దేశంలోనే తయారై ఉండాలి. బయటి నుంచి తెచ్చిన సెల్స్‌ను ఇక్కడ గాజు మధ్య పేర్చి అతికిస్తే డీసీఆర్ కాదు. అందుకే అదే కంపెనీ, అదే వాట్లు ఉన్నా డీసీఆర్ ప్యానెల్ ధర ఎక్కువ. మన దేశపు సెల్ ఫ్యాక్టరీలు చాలా కాలం పెర్క్ మీదే నడిచాయి, టాప్‌కాన్ సెల్స్ ఇటీవలే పెరుగుతున్నాయి. హైదరాబాద్‌కు చెందిన ప్రీమియర్ ఎనర్జీస్ వంటివి సెల్స్ ఇక్కడే చేస్తున్నాయి. కాబట్టి సబ్సిడీ కావాలనుకునేవారి అసలు ఎంపిక చాలాసార్లు డీసీఆర్ పెర్క్, డీసీఆర్ టాప్‌కాన్‌ల మధ్యే ఉంటుంది, డీసీఆర్ కాని టాప్‌కాన్‌తో పోల్చుకుని బాధపడటంలో అర్థం లేదు. చవకని డీసీఆర్ కాని ప్యానెళ్లు తీసుకున్నాక డెబ్బై ఎనిమిది వేలు రాలేదని తెలుసుకున్నవారిని నేను చూశాను.

నీడ, ఉప్పు గాలి, రెండు వైపుల గాజు

ఏ పేరూ పూడ్చలేని చిల్లు నీడ. సెల్స్ వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక సెల్ మీద నీళ్ల ట్యాంకు నీడ పడితే దాని కరెంటు తగ్గి వరుసంతా దానికి తగ్గట్టు నడుస్తుంది. మరీ ముదిరితే నీడలో ఉన్న సెల్ మిగతావాటి కరెంటును వేడిగా మింగి మాడుతుంది. ప్యానెల్ వెనుక పెట్టెలో ఉండే మూడు బైపాస్ డయోడ్లు అలాంటి భాగాన్ని పక్కకు తప్పించి మిగతాదాన్ని కాపాడతాయి, ఆ భాగం ఇచ్చేది మాత్రం పోయినట్టే. సగం సెల్స్ ప్యానెల్‌లో పై జట్టు, కింది జట్టు వేరు కాబట్టి కింది అంచున పడే నీడ పై సగాన్ని పెద్దగా బాధించదు. కొబ్బరి మట్టల నీడకు తోడు ట్యాంకు నీడ కూడా పడే కోనసీమ డాబా మీద పెర్క్ బదులు టాప్‌కాన్ పెట్టి నాలుగు శాతం సంపాదించేకన్నా, ట్యాంకును ఉత్తరానికి జరిపించడం వల్ల ఎక్కువ వస్తుంది. జరిపే వీలు లేకపోతే ప్యానెల్‌కు ఒకటి చొప్పున మైక్రోఇన్వర్టరో ఆప్టిమైజరో (ఒక్కో ప్యానెల్‌ను విడిగా నడిపించే పరికరాలు) పెట్టించడం, లేదా ఒక ప్యానెల్ తగ్గించుకోవడం మేలు.

విశాఖ, కాకినాడ, నెల్లూరు తీరంలో ఉన్నవారు ఇంకొకటి చూసుకోవాలి. తేమ, ఉప్పు లోపలికి చేరితే సెల్ మీది వెండి గీతలను, సోల్డరును తినేస్తాయి. టాప్‌కాన్ ముందువైపు లోహపు గీతలు ఈ విషయంలో పెర్క్ కన్నా సున్నితమైనవి, కాబట్టి తీరంలో టాప్‌కాన్ తీసుకుంటే వెనుక ప్లాస్టిక్ షీటు ఉన్నది కాకుండా రెండు వైపులా గాజు ఉన్నదే తీసుకోవాలి. డేటాషీట్‌లో ఐఈసీ 61701 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం సాల్ట్ మిస్ట్ (ఉప్పు తుంపర) పరీక్ష ఉందో లేదో చూడాలి. కోళ్ల ఫారం షెడ్డు మీద పెట్టేవారైతే అమ్మోనియాకు ఐఈసీ 62716 అడగాలి. గాలి ఒత్తిడికి వెనుకవైపు 2,400 పాస్కల్స్ అని రాసి ఉంటుంది, కానీ ఆ అంకెను తయారీదారు చెప్పిన చోట చెప్పినట్టు బిగిస్తేనే నమ్మవచ్చు. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌ను చూసినవారికి బోల్టుల మీద ఎందుకు పట్టుబట్టాలో చెప్పనక్కరలేదు.

రెండు వైపులా గాజు ఉన్నవి సాధారణంగా బైఫేషియల్ అవుతాయి, అంటే వెనుకవైపు పడిన కాంతిని కూడా వాడుకుంటాయి. ముందు పడిన కాంతితో పోలిస్తే వెనుక పడినదాన్ని పెర్క్ దాదాపు 70 శాతం, టాప్‌కాన్ 80, హెచ్‌జేటీ 90 శాతం సామర్థ్యంతో కరెంటుగా మారుస్తాయి. ఇందులో మోసపోయే చోటు ఉంది: వెనుక కాంతి పడితేనే ఆ అంకెలకు విలువ. ఎత్తైన స్ట్రక్చర్ కింద తెల్లటి కూల్ రూఫ్ రంగు వేసిన డాబా ఉంటే మంచి లాభం, పాచి పట్టి నల్లబడిన స్లాబు మీద కొద్దిగా, రేకుల మీద ఆనించి బిగిస్తే సున్నా. అలాంటి రేకుల ఇంటికి బైఫేషియల్ పేరుతో రూపాయి ఎక్కువ ఇవ్వకూడదు.

ఆగి చూద్దామా

పెరోవ్‌స్కైట్ అనే కొత్త రకం అర్ధవాహకం వస్తోందట, ఆగుదామా అని అడిగేవారు ఇటీవల ఎక్కువయ్యారు. సిలికాన్ మీద సుమారు 1.7 ఎలక్ట్రాన్ వోల్టుల అంతరమున్న పెరోవ్‌స్కైట్ పొర వేస్తే నీలం, ఆకుపచ్చ కాంతిని అది, ఎర్రటి కాంతిని సిలికాన్ పంచుకుంటాయి. వేడిగా పోయే భాగం తగ్గుతుంది కాబట్టి ప్రయోగశాలల్లో ఇలాంటి జంట సెల్స్ 34 శాతం దాటాయి. కానీ తేమకు, వేడికి ఆ పొర పాతికేళ్లు నిలుస్తుందని ఇంకా ఏ డాబా మీదా రుజువు కాలేదు. ఈ ఏడాది మూడు కిలోవాట్లు పెట్టకుండా ఆగితే పోయేది 4,200 యూనిట్లు, వచ్చేది ఎప్పటికో తెలియని పది శాతం.

సరుకు ఇంటికి వచ్చాక

కొటేషన్‌లో ఏమి రాసినా చివరికి డాబా ఎక్కే ప్యానెల్ వెనుక లేబుల్ మీద ఉన్నదే నిజం. వాట్లు, వోక్ (ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి), ఐఎస్‌సీ (షార్ట్ సర్క్యూట్ కరెంటు), మోడల్ నంబరు చదివి డేటాషీట్‌తో సరిచూడండి. 550 వాట్ల పెర్క్‌కు ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి 50 అటూఇటూ ఉంటే, అదే కొలతల 580 వాట్ల టాప్‌కాన్‌కు ఒకటి రెండు వోల్టులు ఎక్కువ ఉంటుంది, ఎలక్ట్రాన్లు వృథాగా పోవడం తగ్గిందనడానికి అదే గుర్తు. సీరియల్ నంబర్లు ఆరూ వేర్వేరుగా ఫ్లాష్ టెస్ట్ రిపోర్టులో (ఫ్యాక్టరీలో ఒక్కో ప్యానెల్ వాట్లు కొలిచి ఇచ్చే కాగితం) ఉన్నాయో లేదో, డీసీఆర్ సర్టిఫికెట్‌లో అవే నంబర్లున్నాయో లేదో చూడండి. ప్యానెళ్లు నేల మీద ఉండగానే ప్రతి లేబుల్‌కూ ఫోటో తీసి పెట్టుకోవాలి; బిగించేశాక, ముఖ్యంగా రేకుల మీదైతే, వెనుకవైపు చూడటానికి బోల్టులు విప్పవలసిందే, వారంటీ అడిగే రోజున అవతలివారు మొట్టమొదట అడిగేది ఆ నంబరే.